మొహమాటానికి ఎన్ని యూనిట్లు

పోయిన నెల్లో మా స్కూల్లో కొత్తగా చేరిన సైన్సు టీచరు నల్లపాడులో అద్దె ఇల్లు చూసుకుంటోంది. చుట్టూ ప్రహరీ, పైన డాబా, పక్కవాళ్ల గోడ తగలని విడి ఇల్లు. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని ఫోను చూపించింది. అందులో ఏదో సైటు గదులెన్ని, మనుషులెంతమంది, ఏసీ ఉందా లేదా అని నాలుగు ప్రశ్నలడిగి, నెలకు కరెంటుకింత, నీళ్లకింత, గ్యాసుకింత అవుతుందని అర నిమిషంలో తేల్చేసింది.

"మీ చుట్టాల్లో మిర్చి వేసేవాళ్లు ఎంతమందో అడిగిందా?" అన్నాను.

"లేదు మేడం."

"అయితే ఆ లెక్క తప్పు."

ఆ అమ్మాయి నన్ను అదోలా చూసింది. లెక్కల టీచరు ఇలా మాట్లాడితే ఎవరైనా అలాగే చూస్తారు. నిజానికి ఆ మాట నాది కాదు, నల్లపాడులో మా కాలనీ మీటరు గారిది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. పోయినప్పటి నుంచీ ఆయన గురించి రాయాలనుకుంటూ, రాయడానికి సిగ్గుపడుతూ వస్తున్నాను. ఆ సిగ్గెందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఆయన అసలు పేరు కాలనీలో సగం మందికి తెలియదు. కరెంటాఫీసులో ఇల్లిల్లూ తిరిగి మీటరు రీడింగు తీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలిందే గానీ అలవాటు వదల్లేదు. ఎవరింటి ముందు నుంచి నడిచినా గేటు పక్క మీటరు కేసి ఓసారి చూడకుండా ముందుకు పోలేరు. మనం ఎదురైతే "బాగున్నారామ్మా?" అని అడిగేవారు. మన జవాబు కోసం ఆగకుండా, "బాగానే ఉన్నార్లే, పోయిన్నెల కంటే పదహారు తగ్గింది" అని తనే చెప్పుకుని వెళ్లిపోయేవారు. పెళ్లికెళితే అందరూ పెళ్లికూతురి నగలు చూస్తారు. ఆయన పందిట్లో బల్బులు లెక్కపెట్టి, జనరేటరు పక్కన నిలబడి, పెళ్లికొడుకు తండ్రిని చూసి జాలిగా తలాడించేవారు.

మా కాలనీలో ఎవరైనా ఇల్లు అద్దెకు తీసుకునే ముందు, అడ్వాన్సు ఇవ్వకుండా ఆయన్ని పిలిచేవాళ్లు. పెళ్లికి ముందు జాతకం చూపించుకున్నట్టే. ఈ ఇంట్లో ఈ మనుషులు దిగితే నెలకు ఎన్ని యూనిట్లు కాలుతాయి, సిలిండరు ఎన్ని రోజులొస్తుంది, తాగే నీళ్ల క్యాన్లు ఎన్ని కావాలి, అన్నీ చెప్పేవారు. పైసా తీసుకునేవారు కాదు. కాఫీ మాత్రం తాగేవారు. అది కూడా పరీక్షేనని తర్వాత తెలిసింది. వంటింట్లో మనం కాఫీ పెడుతుంటే, స్టవ్ ఎంతసేపు బుస్సుమందో హాల్లో కూర్చుని వింటూ ఉండేవారు.

ఆయన పద్ధతి చూసి తీరాల్సిందే. ఖాళీ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కళ్లు మూసుకుని మోటారు చప్పుడు వినేవారు. మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకు అరచెయ్యి ఆనించి చూసేవారు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు చూస్తున్నట్టే ఉండేది. "ఇల్లు మంచిదే. కాకపోతే దాహం ఎక్కువ" అనేవారు. ఆ తర్వాత మనుషుల వంతు.

"తల ఎండలో ఆరబెట్టుకుంటారా, ఫ్యాను కిందనా?"

"పప్పు కుక్కర్లోనా, గిన్నెలోనా?"

"టీవీ చూస్తా నిద్రపోయేది మీ ఇద్దర్లో ఎవరు?"

ఈ చివరి ప్రశ్న దగ్గర మొగుడూ పెళ్లాలు ఒకరినొకరు చూపించుకునేవాళ్లు. ఇల్లు తీసుకోక ముందే ఆ ఇంట్లో మొదటి పోట్లాట అయిపోయేది. ఆయన మాత్రం తొణక్కుండా ఇద్దరి పేరునా చెరి సగం రాసుకునేవారు.

ఆ కాగితంలో అన్నింటికన్నా కింద ఒక వరస ఉండేది. "మొహమాటం" అని రాసి దాని ఎదురుగా ఓ అంకె వేసేవారు. అదేమిటని మొదటిసారి అడిగినప్పుడు నాకు పాఠం చెప్పారు.

"మన ఇళ్లల్లో కరెంటు స్విచ్చి దగ్గర కాలదమ్మా, మొహమాటం దగ్గర కాలుద్ది. మీరిద్దరే ఉంటే ఫ్యాను రెండులో పెట్టుకుంటారు. గుమ్మంలో చుట్టం కనపడగానే ఐదుకు తిప్పుతారు. ఏసీ రిమోటు తీసుకెళ్లి ఆయన చేతిలోనే పెడతారు. తగ్గించండని మీరడుగుతారా? అడగరు. చాలని ఆయనంటాడా? అనడు. ఇద్దరూ దుప్పటి కప్పుకుని వణుకుతా ఉంటారు. మరి ఆ కాలిందెవరి ఖాతా?"

మొహమాటం లేని వాళ్లకు సున్నా వేసేవారు. మా కాలనీ మొత్తం మీద అలా సున్నా పడింది ఒక్క ఇంటికే. ఆ ఇంటాయన అదేదో మెచ్చుకోలనుకుని కాగితం అందరికీ చూపించుకున్నాడు.

ఇక మా సంగతికొస్తాను. మేం అప్పట్లో గుంటూరు టౌన్లో ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండేవాళ్లం. మా వారు వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మేనేజరు. సోమవారం వెళ్లి శనివారం సాయంత్రానికి వస్తారు. అమ్మాయి ఇంటరు హాస్టల్లో ఉంది. వారమంతా ఫ్లాటులో నేనొక్కదాన్నే. అలాంటిదాన్ని విడి ఇల్లు కావాలని పట్టుబట్టాను. డాబా మీద వడియాలు పెట్టుకోవాలని, కరివేపాకు చెట్టు వేసుకోవాలని మా వారికి నూటొక్క కారణాలు చెప్పాను. అసలు కారణం చెప్పలేదు.

మా పుట్టిల్లు ఒంగోలు దాటాక ఓ మిర్చి ఊరు. మా చిన్నాన్న ఓ ఏడు గుంటూరు మిర్చియార్డుకు సరుకు తెచ్చి, అమ్మకం మర్నాటికి పడితే, రాత్రికి మా ఫ్లాటుకొచ్చాడు. ఒళ్లంతా కాయల ఘాటు, చంకలో శాంపిలు సంచి. లిఫ్టులో ఉన్నవాళ్లు దగ్గి, తుమ్మి, మధ్య అంతస్తులోనే దిగిపోయారు. పొద్దున్నే అసోసియేషన్ సెక్రటరీ వచ్చి, "ఇలాంటివాళ్లని లిఫ్టు ఎక్కించకండి మేడం" అన్నాడు. చిన్నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. నన్ను చిన్నప్పుడు భుజాన వేసుకుని పొలమంతా తిప్పినవాడు. నేను సెక్రటరీకి ఎదురు చెప్పాల్సింది, చెప్పలేదు. "సారీ అండీ" అన్నాను. ఆ తర్వాత చిన్నాన్న మా ఇంటికి రావడం మానేశాడు. యార్డులో బస్తాల మీదే పడుకుంటున్నాడని విన్నాను. గుంటూరులో కూతురు ఉండి కూడా!

అందుకే నాకు లిఫ్టు లేని, సెక్రటరీ లేని ఇల్లు కావాలి. మా వారు మాత్రం గట్టివారు.

"విడి ఇల్లంటే బోరు మోటారు మనదే, వీధి లైటు మనదే. పైగా నల్లపాడంటే మీవాళ్లందరూ యార్డు నుంచి సరాసరి మనింట్లోనే దిగుతారు."

"ఎవరూ రారు. ఒట్టు."

"సరే, మూడు నెలలు చూద్దాం. ఆ కాలనీ మీటరాయన లెక్క దాటిందా, మళ్లీ ఫ్లాటుకే."

అలా మీటరు గారు మేం చూసుకున్న నల్లపాడు ఇంటికొచ్చారు. నేను అప్పటికే వాట్లూ గంటలూ గుణించి, నాలుగు పేజీల లెక్క వేసి పెట్టుకున్నాను. ఆయన దాన్ని మర్యాదగా మొదటి నుంచి చివరి దాకా చదివి, "గుణకారాలన్నీ కరెక్టేనమ్మా, ఇందులో మనుషులే లేరు" అని తిరిగిచ్చారు. గోడ పట్టుకున్నారు, మోటారు విన్నారు, కాఫీ తాగారు. చివరికి కలం తెరిచి అడిగారు.

"చుట్టాల్లో మిర్చి వేసేవాళ్లెంతమంది?"

మా వారు నా వైపు తిరిగారు.

"ఎవరూ లేరండీ. మా వాళ్లంతా ఉద్యోగస్తులే" అన్నాను.

ఉద్యోగస్తులట! మా వంశంలో నెల జీతం తీసుకున్న మొదటి మనిషిని నేనే. మీటరు గారు కళ్లజోడు పైనుంచి నన్నోసారి చూసి, కరెంటు రెండొందల పది యూనిట్లని రాసి సంతకం చేశారు. మొదటి నెల బిల్లు రెండొందల ఏడొచ్చింది. మా వారు ముచ్చటపడిపోయి, ఆ మూడు యూనిట్ల మిగులుకు మిఠాయి కొనుక్కొచ్చారు.

రెండో నెలలో మిర్చి సీజను వచ్చింది. నేనే ఫోను చేసి, "ఈసారి యార్డులో పడుకుంటే నా మీద ఒట్టే" అని చిన్నాన్నను పిలిచాను. ఒక్కణ్ణి పిలిస్తే ఒక్కడే ఎలా వస్తాడు? సోమవారం పొద్దున్నే, మా వారు బస్సెక్కాక, చిన్నాన్న, ఆయన తోడల్లుడు, పక్క చేలవాళ్లు కలిసి ఏడుగురు దిగారు. యార్డుకు శని ఆదివారాలు సెలవు గనక శుక్రవారం సాయంత్రం ఊరెళ్లిపోతారు. శనివారం సాయంత్రం మా వారు వస్తారు. దేవుడు నాకోసమే వారాన్ని అలా కోసి పెట్టాడనుకున్నాను.

కాయలు మోసి, గుమ్మరించి, ఎత్తి వచ్చినవాళ్లకు ఒళ్లంతా మంట. ఒక్కొక్కరికీ పూటకో స్నానం. పైనున్న ట్యాంకు రోజూ ఖాళీ, మోటారు గోల రోజూ రెండు గంటలు. ఏసీ గది వాళ్లకే ఇచ్చి రిమోటు చిన్నాన్న చేతిలో పెట్టాను. పదహారు మీద పెట్టుకుని, నా దుప్పట్లన్నీ కప్పుకుని, ఏడుగురూ చాపల మీద ముడుచుకుని పడుకునేవాళ్లు. తగ్గించమని నేనూ అడగలేదు, చాలని వాళ్లూ అనలేదు. మీటరు గారి పాఠం అక్షరం పొల్లుపోకుండా మా ఇంట్లో జరుగుతోంది. నేనేమో పళ్లెంలో రెండో గరిటె అన్నం వేస్తూ పండగ చేసుకుంటున్నాను.

శుక్రవారం సాయంత్రం యుద్ధం. గచ్చు రెండుసార్లు కడగడం, దుప్పట్లు ఉతకడం, సాంబ్రాణి పొగ వేయడం. అయినా శనివారం మా వారు గేటు దగ్గరే తుమ్మేవారు.

"ఏంటీ ఘాటు?"

"వెనక వీధిలో కారం మిల్లు పెట్టారటండీ."

"పోయిన వారం పోపు మాడిందన్నావుగా?"

"అదీ మాడింది."

ఓ బుధవారం సాయంత్రం మీటరు గారు గేటు తీశారు. రిటైరైనా ఆయన తన లెక్కలు ఎలా నడుస్తున్నాయో నెల మధ్యలో ఓసారి చూసుకుంటారని అప్పుడే తెలిసింది. మీటరు చూశారు. కళ్లజోడు తుడిచి మళ్లీ చూశారు. వరసగా మూడు తుమ్ములు తుమ్మారు. దండెం మీద వరసగా ఏడు తువ్వాళ్లు.

"ఎంతమంది?" అన్నారు.

"ఎవరండీ?"

నాలుగో తుమ్ము తుమ్మారు. ఇక దాచడానికేం మిగల్లేదు. చిన్నాన్న స్నానాల గదిలోంచి గావంచా కట్టుకుని వచ్చాడు. మీటరు గారు ఆయనకు నమస్కారం పెట్టి, ఎదురుగా కూర్చుని, చాలా గౌరవంగా అడిగారు.

"మీరు చెంబుతో పోసుకుంటారా, బకెట్టెత్తి కుమ్మరించుకుంటారా?"

"ఏందమ్మాయ్!" అని చిన్నాన్న నా మీద అరిచాడు. "ఈయనెవరు? నీళ్లు పోసుకునే తీరు అడగతన్నాడేంది?"

"తప్పుగా అనుకోబాకండి. చెంబైతే సగం నీళ్లే."

"చెంబుతో పోసుకుంటే మిర్చి మంట పోద్దా? మీరొకసారి మా కల్లంలోకొచ్చి కాయలు తొక్కండి, చెంబు సంగతి అప్పుడు చెబుదాం."

అది న్యాయమేనని మీటరు గారు ఒప్పుకున్నారు. మజ్జిగ తాగుతూ ఏడుగురినీ వరసగా విచారించారు. వాళ్లు కూడా సరదా పుట్టి పోటీలు పడి చెప్పారు. తోడల్లుడైతే తను రోజూ ఎనిమిది బకెట్లు పోసుకుంటున్నానని గొప్పగా ఒప్పుకున్నాడు. వెళ్లేటప్పుడు గేటు దాకా నేను ఆయన వెనకాలే నడిచాను. ఎందుకు అబద్ధం చెప్పానో, లిఫ్టు సంగతి, సెక్రటరీ సంగతి, నేనన్న ఆ "సారీ" సంగతి, అన్నీ చెప్పేశాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. జాలితో అనుకునేరు, ఘాటుకే.

"ముందే చెబితే రాసేవాణ్ణి గదమ్మా."

"ముందే చెబితే ఇల్లు రాదు కదండీ."

ఆయన మీటరు కేసి మరోసారి చూశారు. "అదీ నిజమే" అని వెళ్లిపోయారు.

బిల్లు నాలుగొందల ముప్పై ఎనిమిది యూనిట్లొచ్చింది. ఆదివారం పొద్దున మా వారు బిల్లు పట్టుకుని గేటు దగ్గరే మీటరు గారిని ఆపారు. మా వారిది పెద్ద గొంతు. చుట్టుపక్కల వాళ్లు పాల ప్యాకెట్లు పట్టుకుని నిలబడిపోయారు.

"ఏంటండీ మీటరు గారూ, మీరు చెప్పింది రెండొందల పది. ఇది రెట్టింపు పైన! నేనూ ఇంట్లో ఉండట్లేదు, మా ఆవిడొక్కతే. ఒక్క మనిషి ఇంత కాలుస్తుందా?"

నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆయన ఒక్క మాట చెబితే చాలు, నా ఇల్లు పోతుంది. చిన్నాన్న మళ్లీ బస్తాల మీదకు పోతాడు. చెప్పకపోతే ఆయన లెక్క పోతుంది. ఆ లెక్క ఆయనకెంతో నాకు తెలుసు. పింఛను కన్నా ఎక్కువ.

మీటరు గారు నా వైపు చూడను కూడా చూడలేదు.

"నాదే తప్పండీ. మోటారు సరిగా అంచనా వెయ్యలేకపోయా. వయసు మీద పడతంది" అన్నారు. "ఎండలు తగ్గాక దిగుద్ది, చూడండి. ఇల్లు మాత్రం వదలబాకండి. మంచి ఇల్లు."

అంత మనిషి తప్పు ఒప్పుకునేసరికి మా వారు మెత్తబడ్డారు. గడువు పెంచారు. సీజను అయ్యాక బిల్లు దిగింది, ఇల్లు నిలిచింది. మరుసటేడు చిన్నాన్న రాక మా వారికి మెల్లగా అలవాటు చేశాను, మొదట ఒక్కణ్ణి, తర్వాత ఇద్దర్ని. ఇప్పుడైతే చిన్నాన్న ఆలస్యం చేస్తే మా వారే ఫోను చేసి రేటెంతుందని అడుగుతున్నారు.

మీటరు గారికి మాత్రం ఏదీ పూర్వంలా లేదు. పాల ప్యాకెట్లు పట్టుకున్నవాళ్లు ఊరికే ఉంటారా? "మీటరు గారు గురి తప్పారట" అని నాలుగు వీధులూ పాకింది. అద్దెకు దిగేవాళ్లు పిలవడం తగ్గించారు, తర్వాత మానేశారు. ఆయన పొద్దున్నే చొక్కా తొడుక్కుని, జేబులో కలం పెట్టుకుని, తన గేటు దగ్గర కుర్చీలో కూర్చునేవారు. ఎవరూ రాకపోతే వచ్చే పోయే ఆటోలను చూసేవారు. నేను కనపడితే గొంతు తగ్గించి, "చిన్నాన్నొచ్చారా?" అని నవ్వేవారు. రేపు చెబుదాం, ఈ ఆదివారం చెబుదాం, మా వారికి చెప్పి కాలనీ అంతా చాటుదాం అని రోజూ అనుకునేదాన్ని. ఇన్నాళ్లూ దాచి ఇప్పుడెలా చెప్పడం అని మళ్లీ మొహమాటం. రెండేళ్లు అలాగే గడిచాయి. పోయినేడు వానాకాలంలో మూడు రోజుల జ్వరంతో ఆయన పోయారు.

పదకొండో రోజు పెద్దకర్మ భోజనాలు. వాళ్ల డాబా మీద షామియానా వేసి, వరసలుగా విస్తళ్లు పరిచారు. తినేవాళ్లు ఆయన మాటలే చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఒకాయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "మహానుభావుడు. అన్నేళ్లలో ఒక్కటంటే ఒక్క లెక్కే తప్పాడు" అన్నాడు.

"అది మా ఇంటిదే!" అన్నారు మా వారు, ఏదో బహుమతి వచ్చినట్టు.

నేను ముద్ద విస్తట్లో వదిలేశాను.

"తప్పలేదు" అన్నాను.

స్కూల్లో అరవై మందికి వినపడేలా మాట్లాడి అలవాటైన గొంతు. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. వరసంతా ఇటు తిరిగింది.

"ఆయన తప్పలేదు. నేనే అబద్ధం చెప్పాను. ఆ నెలంతా మా చిన్నాన్నవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకు తెలుసు. తెలిసీ, నా ఇల్లు పోకూడదని తప్పు తన మీద వేసుకున్నారు."

మా వారు పులిహోర కలుపుతున్న చెయ్యి ఆపి నన్ను తేరిపార చూశారు. "అందుకా ఆ నెల నాలుగు సబ్బులు అరిగిపోయింది!" అన్నారు. అప్పటికి ఆయనకు అంతకు మించి పాలుపోలేదు.

మీటరు గారి భార్య పెరుగు గిన్నె పట్టుకుని మా వరస చివర నిలబడి ఉంది. నలభై ఏళ్లు ఆయన లెక్కలు వింటూ అన్నం వడ్డించినావిడ. నన్ను తిడుతుందనుకుని తల దించుకున్నాను. తిట్టాల్సిందే కూడా. నా విస్తరి ముందుకొచ్చి నిలబడింది.

"ఎంతమంది?" అంది.

"ఏడుగురు."

"ఎన్నాళ్లు?"

"ఇరవై రోజులు. వారానికి ఐదు."

"ఏసీ ఇచ్చావా?"

"ఇచ్చానండీ. రిమోటు కూడా."

ఆవిడ గిన్నె చంకకు మార్చుకుని, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఏసీకి నూట ఎనభై... స్నానాలు రెండు పూటలా గదా, మోటారుకి ముప్పై... ఫ్యాన్లూ, ఫోన్లూ, ఫ్రిజ్జు తలుపులూ అన్నీ కలిపి పద్దెనిమిది. రెండొందల ఇరవై ఎనిమిది." నా వైపు చూసింది. "ఆయన రాసిందెంత?"

"రెండొందల పది."

"బిల్లు?"

"నాలుగొందల ముప్పై ఎనిమిది."

నేను మనసులో కూడుతుండగానే ఆవిడకు తేలిపోయింది. దండేసిన ఫొటో మెట్ల దగ్గర కుర్చీలో ఉంది. నా విస్తట్లో పెరుగు వెయ్యకుండానే అటు తిరిగి, దూరంగా ఉన్నవాళ్లను పిలిచే గొంతుతో అంది:

"ఏవండీ, సరిపోయిందంట!"